కొమ్మ నలగకుండా కోయాలంటే: సికేచర్, లాపర్, రంపం వాడకం, పదును, సంరక్షణ

కొన్నేళ్ళ కిందట మా మిద్దె మీద మందారం కత్తిరిస్తుంటే, వీధిలో ఇళ్ళ తోటలు చూసుకునే పెద్దాయన ఒకరు పైకి వచ్చి, నేను కోసిన కొమ్మ చివర పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి "ఇది కోసింది కాదమ్మా, నమిలింది" అన్నారు. అప్పుడు చూశాను. కోసిన చోట కొమ్మ గుండ్రంగా లేదు, చపాతీలా అణిగిపోయింది, బెరడు ఒక పక్క పీచులా వేలాడుతోంది. ఆ కొమ్మ రెండు వారాల్లో పైనుంచి రెండు అంగుళాలు నల్లబడి ఎండిపోయింది. అప్పటిదాకా అది తెగులు అనుకుని మందులు కొడుతూ వచ్చాను. అసలు తప్పు నా చేతిలోని కత్తెరది.

హైదరాబాద్‌లో మిద్దె తోటలు, పెరటి తోటలు పెంచేవాళ్ళం మట్టి గురించి, వర్మీకంపోస్టు గురించి, పిండినల్లి గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటాం కానీ కత్తిరించే పనిముట్టు గురించి మాట్లాడుకునేది తక్కువ. మొక్కకు కోత అంటే గాయమే. గాయం నున్నగా ఉంటే మొక్క తొందరగా మూసుకుంటుంది, నలిగితే అక్కడ నీరు నిలిచి బూజు, బాక్టీరియా చేరతాయి. అందుకే కింద రాసిందంతా ఒక్క పని కోసమే: కొమ్మ నలగకుండా తెగాలి.

మీ చేతిలో ఉన్నది ఏ రకం?

సికేచర్ అంటే ఒంటిచేత్తో కొమ్మలు కోసే కత్తెర. నర్సరీలో దీన్ని "కటర్" అని అడిగితే ఏదో ఒకటి చేతిలో పెడతారు. అందులో రెండు రకాలు ఉంటాయి, ఆ రెండింటికీ చాలా తేడా ఉంది.

మొదటిది బైపాస్ రకం. ఒక పక్క పదునైన వంపు బ్లేడు, రెండో పక్క పదును లేని కొక్కెం లాంటి దవడ, మూసినప్పుడు బ్లేడు ఆ కొక్కేన్ని రాసుకుంటూ పక్కనుంచి వెళ్తుంది, మామూలు కత్తెరలాగే. రెండోది ఆన్విల్ రకం, అంటే దాగలి రకం. ఇందులో నిటారు బ్లేడు నేరుగా కిందున్న చదును పట్టీ మీద దిగుతుంది, కూరగాయల పలక మీద చాకు దిగినట్టు. పచ్చి కొమ్మను ఈ రెండోదానితో కోస్తే పట్టీ మీద ఒత్తుకుని నలుగుతుంది. నేను మొదట కొన్నది ఇదే, చవగ్గా వచ్చిందని. ఎండిపోయిన పుల్లలు తీసేయడానికి మాత్రం ఇది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే ఎండు కొమ్మ గట్టిగా ఉంటుంది, అక్కడ మానాల్సిన గాయమూ ఉండదు. ఒక్కటే కొనాలంటే బైపాసే కొనండి. ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు.

కొనేముందు మూడు సంగతులు చూసుకోండి. మధ్యలో బోల్టు, నట్టు ఉండాలి, రివెట్ కొట్టినది వద్దు. రివెట్ ఉంటే విప్పలేరు, బిగించలేరు, ఏడాదికే వదులైపోతుంది. స్ప్రింగు, బ్లేడు విడిగా దొరికే కంపెనీది అయితే ఇంకా మంచిది. మన దేశంలో తేలిగ్గా దొరికేది ఫాల్కన్, ఇంటి తోటకు అది చాలు. స్విట్జర్లాండ్ ఫెల్కో ఖరీదు చాలా ఎక్కువే, కానీ ప్రతి చిన్న భాగం విడిగా కొనుక్కోవచ్చు, చిన్న తోట పెట్టుకుని రోజూ వాడేవాళ్ళకు ఆ ఖర్చు గిట్టుతుంది. మూడోది చేతి కొలత. పూర్తిగా తెరిచినప్పుడు పిడులు మీ గుప్పిట్లో ఇమడాలి. చిన్న చేతులున్నవాళ్ళు పెద్ద సైజు కొంటే పది నిమిషాలకే బొటనవేలి మొదట్లో నొప్పి మొదలవుతుంది. ఎడమచేతి వాటం వాళ్ళకు విడిగా మోడళ్ళు ఉన్నాయి, కుడిచేతిదానితో సర్దుకుపోకండి.

కార్బన్ స్టీలా, స్టెయిన్‌లెస్ స్టీలా అని చాలామంది అడుగుతారు. కార్బన్ స్టీలుకు పదును బాగా వస్తుంది, నిలుస్తుంది, తుడవకపోతే తుప్పు కూడా అంతే తొందరగా వస్తుంది. రోజూ తుడిచే ఓపిక ఉంటే అదే తీసుకోండి.

ఎక్కడ దొరుకుతాయి అంటే, ఏటా నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజాలో జరిగే నర్సరీ మేళాలో చేతిలో పట్టుకుని చూసి కొనుక్కోవచ్చు, ఆన్‌లైన్లో ఆ సౌకర్యం ఉండదు. ఆకురాయి, సానరాయి, స్పానర్ లాంటివాటికి రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాలు ఉన్నాయి.

ఎంత లావుకు ఏది

ఒంటిచేత్తో వాడే సికేచర్‌కు చిటికెన వేలంత కొమ్మ సులువు, బొటనవేలంత అయితే అదే హద్దు, అంటే సుమారు 20 మిల్లీమీటర్లు. అంతకు మించితే రెండు చేతులతో పట్టే పొడుగు పిడుల లాపర్ కావాలి, అది 35, 40 మిల్లీమీటర్ల దాకా కోస్తుంది. ఆపైన రంపమే. రెండు చేతులతో సికేచర్ నొక్కాల్సి వచ్చిందంటే, లేదా నొక్కుతూ మణికట్టు పక్కకు తిప్పాలనిపించిందంటే, అక్కడితో ఆపేసి పెద్దది అందుకోండి. తిప్పడం వల్లే బ్లేడుకు, కొక్కేనికి మధ్య సందు పడుతుంది. ఒకసారి ఆ సందు పడ్డాక ఎంత పదును పెట్టినా కొమ్మ నలుగుతూనే ఉంటుంది.

ఇంకోటి, ఇది గట్టిగానే చెప్తాను: సికేచర్‌తో బైండింగ్ వైరు, జీఐ తీగ, డ్రిప్ పైపు క్లిప్పులు, సిమెంటు సంచి మూతి కుట్టు కత్తిరించకండి, ఎవరినీ కత్తిరించనివ్వకండి. మా పందిరి వేయడానికి వచ్చిన కుర్రాడు చేతికి అందిందని నా సికేచర్‌తో తీగ తెంపాడు, బ్లేడు అంచున అర మిల్లీమీటరు నొక్కు పడింది. అంత చిన్న నొక్కు పోగొట్టడానికి గంటసేపు ఆకురాయి పట్టాల్సి వచ్చింది.

కోత ఎలా కోయాలి

సికేచర్ పట్టుకునేటప్పుడు పదునైన బ్లేడు మొక్కతో ఉండిపోయే వైపు ఉండాలి, కొక్కెం తీసేసే ముక్క వైపు ఉండాలి. కొక్కెం కాస్త ఒత్తుతుంది, ఆ ఒత్తిడి పడేసే ముక్క మీద పడితే నష్టం లేదు. తలకిందులుగా పట్టుకుంటే ఆ ఒత్తిడి మొక్కకు మిగులుతుంది, పైగా చిన్న మోడు కూడా మిగిలిపోతుంది. ఈ ఒక్క అలవాటు మార్చుకుంటే కోతల్లో తేడా మొదటి రోజే కనిపిస్తుంది.

కొమ్మను బ్లేడు చివరతో కాదు, బోల్టుకు దగ్గరగా లోపలికి తీసుకుని ఒక్క ఒత్తుతో కోయాలి. చివర్లో బలం తక్కువ. చివరను పూరెమ్మలకు, లేత చిగుళ్ళకు వాడుకోండి.

గులాబీ, మందారం లాంటివాటికి ఆకులు ఒకటి విడిచి ఒకటి వస్తాయి. అక్కడ బయటి వైపు చూస్తున్న కన్ను, అంటే కొత్త చిగురు పుట్టే బుడిపె, ఎంచుకుని, దానికి పావు అంగుళం పైన, కంటి వైపు ఎత్తుగా, అవతలి వైపు వాలుగా కోయండి, వాన నీళ్ళు కంటి మీదికి జారకుండా. మరీ దగ్గరగా కోస్తే కన్ను ఎండుతుంది, అంగుళం వదిలితే ఆ మోడు ఎండి, ఎండు కిందికి పాకుతుంది. మల్లె, నందివర్ధనం, జామ లాంటివాటికి ఆకులు ఎదురెదురుగా జంటగా వస్తాయి కాబట్టి రెండు కళ్ళకూ పైన అడ్డంగా, నేరుగా కోస్తే సరిపోతుంది.

కోశాక ఆ చివరను ఒక్కసారి చూడండి. మీ పనిముట్టు గురించి అది చాలా చెబుతుంది. కోత నున్నగా మెరుస్తూ ఉంటే అంతా బాగుంది. అంచులు నలిగి చెక్క అణిగినట్టుంటే పదును పోయింది. కోత నున్నగానే ఉన్నా ఒక పక్క బెరడు దారంలా వేలాడుతుంటే చాలాసార్లు అది పదును సమస్య కాదు, బోల్టు వదులైంది. ఈ తేడా తెలియక బోల్టు బిగిస్తే పోయేదానికి బ్లేడు అరగదీసినవాళ్ళు చాలామంది ఉన్నారు, నేనూ అలా చేశాను.

గులాబీలో పైనుంచి నల్లబడుతూ వచ్చే ఎండు కొమ్మను కోసేటప్పుడు లోపలి చెక్క రంగు చూడండి. మధ్యలో గోధుమ రంగు కనిపిస్తే ఇంకా కిందికి వెళ్ళాలి, తెల్లగా, చుట్టూ పచ్చగా కనిపించేదాకా.

రంపం పని

మడత రంపాలు ఎక్కువగా లాగేటప్పుడే కోస్తాయి, తోసేటప్పుడు కాదు. తోసేటప్పుడు బలం పెడితే పలక వంగిపోతుంది. లాగేటప్పుడు ఒత్తండి, తోసేటప్పుడు వదిలేయండి.

బరువైన కొమ్మను ఒకే కోతలో తీయొద్దు. పైనుంచి సగం కోసేసరికి కొమ్మ బరువుకు విరిగి, మాను మీది బెరడు అడుగు పొడవున చీలుకుంటూ వస్తుంది. మునగ అయితే మరీ, దాని చెక్క అంత పెళుసు. మూడు కోతల్లో తీయాలి. మొదటి కోత మానుకు అడుగు దూరంలో, కింది వైపు నుంచి, లావులో మూడో వంతు దాకా. రెండోది దానికి రెండు అంగుళాలు అవతల, పైనుంచి, కొమ్మ విరిగి పడేదాకా. చీలిక వచ్చినా మొదటి కోత దగ్గర ఆగిపోతుంది. ఇక మిగిలిన మోడును మూడో కోతలో తీయాలి. కొమ్మ మానుతో కలిసే చోట ఉబ్బెత్తుగా, ముడతలుగా ఒక కట్టులా కనిపిస్తుంది చూడండి, దాన్ని వదిలేసి సరిగ్గా దాని బయట కోయాలి. గాయాన్ని మూసే కణజాలం పుట్టేది అక్కడే. మానుకు అంటుకునేలా చదునుగా కోస్తే చూడ్డానికి బాగుంటుంది కానీ ఆ గాయం ఏళ్ళ తరబడి మానదు.

సన్న కోతలకు ఏమీ పూయక్కర్లేదు. మట్టి, పేడ, పెయింటు అసలే వద్దు. మామిడి, నిమ్మ, జామలో బొటనవేలికంటే లావు కోతలకు, ముఖ్యంగా మన వానాకాలంలో, బోర్డో పేస్టు పూయడం మంచిది. 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీటిలో, 100 గ్రాముల సున్నం ఇంకో అర లీటరులో, ప్లాస్టిక్ బకెట్లలో విడివిడిగా కలిపి, తర్వాత రెండూ కలపాలి. ఇనప పాత్రలు వాడకూడదు. కలిపినదాంట్లో శుభ్రమైన ఇనప మేకు ముంచి తీస్తే ఎర్రగా రాగి పూత పట్టిందంటే ఇంకా సున్నం కావాలని అర్థం. కలిపిన రోజే వాడేయండి. ఈ మైలుతుత్తం ఇనుమును తినేస్తుంది కాబట్టి సికేచర్, రంపం ఆ బకెట్ దరిదాపుల్లో పెట్టొద్దు.

కొమ్మ కరెంటు తీగలకు తగులుతుంటే మాత్రం, లేదా తీగలకు చేయి చాపినంత దూరంలో ఉన్నా, మీరు ముట్టుకోకండి. పచ్చి కొమ్మలో కరెంటు పారుతుంది, అల్యూమినియం నిచ్చెన, పొడుగు కర్ర కటర్ అయితే ఇంకా ప్రమాదం. 1912కి ఫోన్ చేసి విద్యుత్ సిబ్బందిని పిలవండి. ఇంటి ముందు రోడ్డు మీది చెట్టు అయితే సొంతంగా కోయకుండా జీహెచ్ఎంసీకి చెప్పండి.

ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు

దానిమ్మలో బాక్టీరియా మచ్చ తెగులు, నిమ్మలో గజ్జి తెగులు, ఇలాంటివి కత్తెర మీద ఎక్కి ఒక మొక్క నుంచి పక్క మొక్కకు వెళ్తాయి. కాబట్టి తెగులున్న మొక్కను చివర్లో కోయండి. ఒక మొక్క అవగానే సర్జికల్ స్పిరిట్‌తో తడిపిన గుడ్డతో బ్లేడు రెండు వైపులా తుడిచి, ఆరనిచ్చి తర్వాతి మొక్కకు వెళ్ళండి. తెగులు కళ్ళకు కనిపిస్తున్న మొక్క అయితే ప్రతి కోతకూ తుడవాల్సిందే, విసుగైనా. తుడిచేముందు జిగురు, పసరు పోవాలి, లేకపోతే వాటి కింద ఉన్నదాన్ని స్పిరిట్ చేరదు. మెడికల్ షాపులో దొరికే చిన్న సీసా ఇంటి తోటకు నెలలు వస్తుంది, కాకపోతే అది మండే వస్తువు, మే నెల ఎండలో మిద్దె మీద వదిలేయకండి. బ్లీచింగ్ ద్రావణం కూడా క్రిముల్ని చంపుతుంది, కానీ బ్లేడు మీద గుంటలు పడేలా తినేస్తుంది, అందుకే నేను వాడను.

గన్నేరు కోసేటప్పుడు చేతి తొడుగులు తప్పనిసరి. దాని ప్రతి భాగమూ విషమే. కోసిన కొమ్మలు కాల్చకూడదు, మేకలకు, ఆవులకు అందేలా పడేయకూడదు. పని అయ్యాక సికేచర్‌ను కూడా కడిగి తుడవండి. మామిడి సొన చర్మానికి, కళ్ళకు మంట పుట్టిస్తుంది, అక్కడా జాగ్రత్త.

పని అయ్యాక ఐదు నిమిషాలు

ఇది చేస్తే మిగతా సర్వీసింగ్ ఏడాదికి ఒకటి రెండు సార్లు చాలు.

ముందు పాత టూత్‌బ్రష్‌తో బ్లేడు, స్ప్రింగు, బోల్టు చుట్టూ పేరుకున్న పొట్టు దులపండి. నందివర్ధనం, దేవగన్నేరు, సపోటా, అంజూర లాంటి పాలు కారే మొక్కలు కోసి ఉంటే నీళ్ళతో ఆ జిగురు పోదు, స్పిరిట్‌తోగానీ కాస్త కిరోసిన్‌తోగానీ రుద్దితే పోతుంది. ఎండిపోనిస్తే మర్నాటికి పెచ్చులా గట్టిపడుతుంది, కాబట్టి అప్పుడే చేయండి. నీళ్ళు వాడితే వెంటనే పొడిగుడ్డతో తుడవాలి, మన బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ, తడి ఆరిన చోటల్లా తెల్ల మరకలు, వాటి కింద తుప్పు. చివర్లో ఒక చుక్క నూనె బోల్టు దగ్గర, ఒక చుక్క స్ప్రింగుకు, బ్లేడు మీద నూనె గుడ్డతో సన్న పూత, నాలుగుసార్లు తెరిచి మూయండి.

నూనె అంటే కుట్టుమిషన్ నూనె. వంటనూనె పూసేవాళ్ళు ఉన్నారు, అది కొన్ని వారాలకు బంకలా మారి దుమ్ము పట్టుకుంటుంది. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, డిసెంబర్ పొద్దున మన ఇళ్ళలో సీసాలోనే గడ్డకడుతుంది కదా, బోల్టులోనూ అంతే.

విప్పడం, తుప్పు తీయడం

ఏడాదికి రెండుసార్లు, వానాకాలం ముందు ఒకసారి, వానలు వెనకపడ్డాక ఒకసారి, మొత్తం విప్పి శుభ్రం చేయండి. మొదటిసారి విప్పేటప్పుడు ఒక్కో భాగం తీసే ముందు ఫోన్‌లో ఫోటో తీసుకోండి. వాషర్ ఏ వైపు ఉందో, స్ప్రింగు ఎటు తిరిగి ఉందో పది నిమిషాల తర్వాత గుర్తుండదు. భాగాలను తెల్ల గుడ్డ మీద, తీసిన వరసలో పెట్టుకుంటూ పోండి. స్ప్రింగు ఎగిరిపోతుంది జాగ్రత్త, మిద్దె మీద పడితే వెతకడం కష్టం, కుండీల సందులోకి పోతే ఇంకా కష్టం.

పైపై తుప్పు అయితే కుట్టుమిషన్ నూనె వేసి సన్న ఇనప పీచుతో రుద్దితే పోతుంది. గట్టిగా పట్టేసిన తుప్పయితే బ్లేడును మాత్రమే తెల్ల వెనిగర్‌లో కొన్ని గంటలు, మరీ ఎక్కువైతే రాత్రంతా నానబెట్టి, పొద్దున బ్రష్‌తో రుద్దండి. పిడులు అందులో ముంచొద్దు, అవి చాలావరకు అల్యూమినియంవి, పులుపు వాటిని పాడుచేస్తుంది. తీశాక వంటసోడా కలిపిన నీళ్ళతో కడిగితే మిగిలిన పులుపు విరిగిపోతుంది. ఆ వెంటనే, అంటే నిజంగా ఆ వెంటనే, తుడిచి నూనె పూయాలి. అప్పుడే శుభ్రమైన ఇనుము గాలి తగిలితే గంటలో మళ్ళీ ఎర్రబడుతుంది.

పదును పెట్టడం

చాలామందికి టెన్షన్ ఇక్కడే. ఒకసారి చేస్తే పోతుంది. బైపాస్ సికేచర్ బ్లేడుకు పదును ఒక వైపే ఉంటుంది, బయటి వైపు వాలుగా, సుమారు 20 నుంచి 25 డిగ్రీలు. లోపలి వైపు, అంటే కొక్కేన్ని రాసుకునే వైపు, పూర్తిగా చదును. ఈ చదును పాడైతే బ్లేడు పని అయిపోయినట్టే.

అందుకే వీధుల్లో సైకిలు చక్రం తిప్పుతూ కత్తులకు సాన పట్టేవాళ్ళకు సికేచర్ ఇవ్వొద్దంటాను. కూరగాయల కత్తులకు, కత్తిపీటకు వాళ్ళ పని చక్కగా ఉంటుంది, ఆ పనిలో వాళ్ళకు అనుభవం ఉంది. కానీ చాకుకు పట్టినట్టు దీనికీ రెండు వైపులా పడితే చదును పోతుంది. గ్రైండింగ్ చక్రం మీద ఎక్కువసేపు పెడితే వేడికి అంచు నీలంగా మారుతుంది, అక్కడ స్టీలు మెత్తబడి పదును నిలవదు.

కావాల్సింది 400 నుంచి 600 గ్రిట్ (గరుకు కొలత, అంకె పెరిగేకొద్దీ నున్నన) డైమండ్ ఫైలు, వేలంత వెడల్పుది. మామూలు ఆకురాయి గట్టి బ్లేడు మీద జారిపోతుంది. నొక్కులు ఉంటే ముందు ఇంకాస్త గరుకుది కావాలి.

1. బ్లేడు పూర్తిగా శుభ్రం చేయండి. జిగురు ఉంటే ఫైలు గరుకు పూడుకుపోతుంది.

2. వాలు అంచంతా పర్మనెంట్ మార్కర్‌తో నల్లగా పూయండి. ఇది ఎవరు మొదట కనిపెట్టారో కానీ నాకు పదును పెట్టడం నేర్పింది ఈ చిట్కాయే.

3. బ్లేడును విప్పి ఉంటే బల్ల అంచుకు క్లాంపుతో బిగించండి. విప్పకపోతే పూర్తిగా తెరిచి, పిడిని గట్టిగా పట్టుకోండి. తోలు తొడుగు వేసుకుంటే వేళ్ళకు భయం ఉండదు.

4. ఫైలు మీద రెండు చుక్కల నీళ్ళు వేసి, వాలు మీద ఆనించి, బోల్టు దగ్గర మొదలుపెట్టి కొన దాకా, వంపు వెంటే, ముందుకు ఒకే దిశలో లాగండి. వెనక్కి వచ్చేటప్పుడు ఫైలు ఎత్తాలి. బలం అక్కర్లేదు.

5. నాలుగుసార్లు అయ్యాక మార్కర్ చూడండి. నలుపు అంచు దగ్గర మిగిలిందంటే ఫైలును కాస్త నిలబెట్టాలి, వెనక వైపు మిగిలిందంటే కాస్త పడుకోబెట్టాలి. అంతటా సమానంగా పోతుంటే కోణం సరిగ్గా దొరికినట్టే.

6. పది పదిహేను సార్లకు బ్లేడు వెనక, చదును వైపు, వేలిని అంచుకు అడ్డంగా, లోపలి నుంచి బయటికి మెల్లగా జరిపితే సన్నటి గరుకు తగులుతుంది. అంచు పొడవునా ఆ గరుకు వచ్చిందంటే పదును కొనదాకా చేరింది. రాకపోతే ఇంకా పట్టాలి.

7. ఇప్పుడు ఫైలును చదును వైపు పూర్తిగా పడుకోబెట్టి, ఒకటి రెండుసార్లు మాత్రం, ఆ గరుకును తీసేయండి. ఇక్కడ ఫైలు కొంచెం కూడా లేవకూడదు.

కొక్కెం వైపు దవడకు పదును పెట్టకండి. దాని పని కొమ్మను పట్టుకోవడం. అక్కడ జిగురు, తుప్పు తీస్తే చాలు.

లాపర్‌కూ ఇదే పద్ధతి. కంచె కత్తిరించే పెద్ద కత్తెరకు రెండు బ్లేడ్లకూ వాలు ఉంటుంది, రెండింటికీ బయటి వైపే పట్టాలి. దాగలి రకానికి బ్లేడు రెండు వైపులా వాలు ఉంటుంది, రెండూ సమానంగా పట్టండి. మడత రంపం పళ్ళ చివరలు నల్లగా, నీలంగా కనిపిస్తే అవి ప్రత్యేకంగా గట్టిపరిచినవి, ఇంట్లో ఫైలు వాటిని తినలేదు, పళ్ళు అరిగితే పలక మార్చుకోవడమే. ఆలోగా జిగురు తీస్తూ ఉండండి, రంపం బిగుసుకోవడానికి చాలాసార్లు అదే కారణం.

బోల్టు సరిచూడటం

అన్నీ బిగించాక స్ప్రింగు పెట్టకుండా ఒక పిడిని పట్టుకుని రెండోదాన్ని తెరిచి వదలండి. అది తన బరువుతో మెల్లగా దిగాలి. టపుక్కున పడితే వదులు, అసలు కదలకపోతే బిగువు. పావు చుట్టు చొప్పున తిప్పుతూ చూడండి. మూసినప్పుడు బ్లేడుకు, కొక్కేనికి మధ్య వెలుతురు కనిపించకూడదు.

తర్వాత స్ప్రింగు పెట్టి, దినపత్రిక ఒక్క కాగితం తీసుకుని బ్లేడు మొదలు నుంచి కొనదాకా కోసి చూడండి. ఎక్కడైనా కాగితం మడతపడి లోపలికి పోతే అక్కడే లోపం ఉంది. పచ్చి మందారం కొమ్మ మీద ఇంకోసారి.

మన ఊరి కాలాలకు తగ్గట్టు

హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు ద్రాక్ష తోటలు విరివిగా ఉండేవి, అనాబ్-ఎ-షాహి రకం ఇక్కడిదే. ద్రాక్షకు ఏడాదికి రెండు కత్తిరింపులు, ఏప్రిల్ ప్రాంతంలో ఒకటి, అక్టోబర్ ప్రాంతంలో ఒకటి. రోజంతా అదే పని మీద ఉండేవాళ్ళకు సికేచర్ పదును పోతే ఆ సాయంత్రానికి చెయ్యి పనిచేయదు. ఇంటి తోటలో మనకు అంత కోత ఉండదు, అందుకే పదును పోయిన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది.

గులాబీ పెద్ద కత్తిరింపు వానలు వెనకపడ్డాక అక్టోబర్‌లో చేస్తే డిసెంబర్‌కు పూలు నిండుగా వస్తాయి. మల్లెకు నీళ్ళు తగ్గించి చలికాలంలో కత్తిరిస్తే ఎండలు మొదలయ్యేసరికి మొగ్గ తొడుగుతుంది. మామిడి కాపు దిగాక, ఆలస్యం చేయకుండా. కరివేపాకు కొమ్మలు చలి తగ్గాక తుంచితే గుబురుగా వస్తుంది. కాగితం పూల మొక్కను పూత అయిపోయిన ప్రతిసారీ. వాన పడుతుండగా, ఆకులు తడిగా ఉండగా ఏదీ కోయకండి, జూలై, ఆగస్టుల్లో రెండు రోజులు తెరిపి ఇచ్చినప్పుడు చూసుకోండి.

దాచే చోటు

వాష్ ఏరియాలో, బాత్రూమ్ కిటికీలో, ఎరువు సంచుల పక్కన పెట్టొద్దు. ఎరువుల్లో ఉప్పు ఉంటుంది, గాలిలో తేమను లాక్కుని పక్కనున్న ఇనుమును తింటుంది. మూత ఉన్న డబ్బాలో, నూనె గుడ్డలో చుట్టి, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా పొట్లాలు రెండు వేసి పెట్టండి. తోలు సంచీ తడిసి ఉంటే అందులో అసలే వద్దు. లాక్ వేసి, పిల్లలకు అందని ఎత్తులో. పిడులు ఆకుపచ్చగా ఉంటే ఎర్ర గుడ్డ ముక్క గానీ టేపు గానీ చుట్టండి. ఆకుల్లో కలిసిపోయి కంపోస్టు డ్రమ్ములోకి వెళ్ళిన నా మొదటి మంచి సికేచర్ నాలుగు నెలల తర్వాత ఎరువు జల్లెడ పడుతుంటే దొరికింది. బ్లేడు పోయింది, కానీ అది బోల్టు విప్పే రకం, అందుకని కొత్త బ్లేడు, కొత్త స్ప్రింగు వేయించాను. ఈ అక్టోబర్‌లో గులాబీలకు కూడా దాన్నే వాడాను.